గుల్లదిబ్బలో ఉమ్మడి గోడ

మగ్దలీనమ్మ చేతులు చూస్తే ఆమె ఏ పని చేస్తుందో అడగనక్కర్లేదు. అరచేతులు పగిలి, ఆ పగుళ్ళలోకి సున్నం దిగి, ఎంత కడిగినా ఆ తెల్లటి గీతలు పోయేవి కావు. వాకాడుకు తూర్పున, బకింగ్‌హాం కాలువ గట్టున గుల్లదిబ్బ అని ఒక పేట ఉండేది. ఉప్పునీళ్ళలో దొరికే గుల్లల్ని ఏరుకొచ్చి, బట్టీలో కాల్చి, సున్నం చెయ్యటం ఆ పేట బతుకు. ఆ సున్నం పడవలెక్కి మద్రాసు పోయేది. అక్కడ మేడలన్నీ తెల్లగా మెరిసిపోయేవి. ఆ సున్నం కాల్చిన గుల్లదిబ్బలో మాత్రం వెల్ల వెయ్యటానికి ఒక్క గోడ కూడా లేదు.

గోడ పెట్టటం చేతకాక కాదు. ఆ దిబ్బ వాకాడులో ఒక పెద్ద రైతుది. గుడిసె వేసుకోనిచ్చేవాడు, నెలనెలా బాడుగ తీసుకునేవాడు. కానీ పునాది తవ్వకూడదు, మట్టిగోడ లేపకూడదు, కాయ కాసే చెట్టు నాటకూడదు. గోడ పెట్టినవాడు రేపు ఈ నేల నాదంటాడని ఆయన భయం. ఆ ఒక్క ఇంటివాళ్ళ భయానికి, తాతల నాటి నుంచీ అక్కడివాళ్ళు తాటాకు దడుల మధ్యే పుట్టి, పెళ్ళిళ్ళు చేసుకుని, ముసలివాళ్ళై పోయారు.

తాటాకు సంగతి తెలిసిందే. ఎండాకాలం అంటుకుంటుంది, వానాకాలం కారుతుంది. యాభైల చివరికి గుల్లదిబ్బ సగం ఖాళీ అయింది. చేతనైనవాళ్ళు గూడూరు వైపు అభ్రకం గనుల పనికి వెళ్ళిపోయారు. వాళ్ళ గుడిసెలు కూలి, ఆ గుంజల మధ్య కుక్కలు ఈనేవి. సారా కాచేవాళ్ళకు ఆ చోటు బాగా అమరింది. పడవ మీద పోయే ప్రయాణికులు ఆ మలుపు రాగానే ముక్కుకు పైటో కండువానో అడ్డం పెట్టుకునేవాళ్ళు. మగ్దలీనమ్మ కూతురు ప్రేమలీల మనుబోలు కోడలై వెళ్ళింది. కాన్పుకు పుట్టింటికి రాలేదు. రావాలని లేక కాదు, వస్తే పడుకోబెట్టే చోటు లేక.

ఇంతకన్నా పెద్ద బాధ మగ్దలీనమ్మకు మరొకటుంది. ఆమె భర్త యెహోషువ చిన్నప్పటి నుంచీ బట్టీ దగ్గర సున్నం చల్లార్చినవాడు. ఆ ధూళి రొమ్ములో చేరి మనిషిని తినేసింది. మాట మెత్తన, నడక మెత్తన, దగ్గు ఒక్కటే గట్టి. నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఛాతీకి గొట్టం పెట్టి చూసి, మందు రాసిచ్చి, మగ్దలీనమ్మను పక్కకు పిలిచి చెప్పింది: "మందు కన్నా ముఖ్యం పొడి నేల. ఇంకో వానాకాలం తడిలో పడుకుంటే ఈ మనిషి నీకు దక్కడమ్మా." గుల్లదిబ్బలో పొడి నేల ఎక్కడిది? అది డాక్టరమ్మకు తెలియదు పాపం.

ఇక కామాక్షమ్మ సంగతి. మగ్దలీనమ్మ గుడిసె పక్కది కామాక్షమ్మ గుడిసె. ఆమె భర్త మస్తానయ్య సున్నం పడవ నడిపేవాడు, నెలలో సగం రోజులు మద్రాసు దారిలోనే. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకప్పుడు ఒకే చేటలో గుల్లలు చెరుక్కుని, ఒకరి కొప్పు ఒకరు ముడిచినవాళ్ళు. ఒక ఎండాకాలం గాలి మీద గాలి తోలిన రోజున రెండు గుడిసెలూ తగలబడ్డాయి. నిప్పు ఎవరి పొయ్యిలోంచి లేచిందన్నది ఎవరూ చూడలేదు. చూడలేదు కాబట్టే ఇద్దరికీ గట్టి నమ్మకం, అవతలిదానిదేనని. మగ్దలీనమ్మ పెళ్ళి చీర, కామాక్షమ్మ పాలమేక, రెండూ అందులోనే పోయాయి. ఆ రోజు అనుకున్న మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు. ఆ తరవాత మాటల్లేవు. యెహోషువా మస్తానయ్యా మాత్రం కాలువ గట్టున చాటుగా కూర్చుని ఒకే చుట్ట పంచుకుని కాల్చేవాళ్ళు, బడి ఎగ్గొట్టిన పిల్లకాయల్లాగా.

పెద్ద రైతు పోయాక ఆయన కొడుకులకు ఆ కంపు దిబ్బతో పని లేకపోయింది. అమ్మేస్తామన్నారు. వాకాడు మిషను బడి పంతులు జీవానందం గారు ఆ మాట చెవిన పడ్డ రోజు నుంచీ కాలు నిలవకుండా తిరిగాడు. నెల్లూరు పోయాడు, ఆఫీసుల గుమ్మాల్లో కూర్చున్నాడు, చివరికి పేటవాళ్ళందరినీ కలిపి ఇళ్ళ సహకార సంఘం పెట్టించాడు. సంఘం దిబ్బను కొంటుంది. సర్కారు అప్పిస్తుంది. ఇటుకలు కోసేదీ, సున్నం కాల్చేదీ, మోసేదీ ఇంటివాళ్ళే. ఇప్పటిదాకా బాడుగకు పోసిందే ఇకమీదట వాయిదాగా కట్టుకుంటూ పోతే, తీరిన నాటికి ఇల్లూ, ఇంటి కింద నేలా వాళ్ళవే. లెమ్మనేవాడు ఉండడు.

"లెమ్మనేవాడు ఉండడా అయ్యా?" అని మగ్దలీనమ్మ మళ్ళీ చెప్పించుకుని విన్నది.

"ఉండడమ్మా."

"మా బిడ్డలనూ లెమ్మనరా?"

"నిన్నూ లెమ్మనరు, నీ బిడ్డల్నీ లెమ్మనరు." జీవానందం గారికి అప్పటికే గొంతు పోయింది, అందరూ ఇదే అడగటంతో.

ఖర్చు తగ్గాలని ఇళ్ళు జంటలుగా కట్టాలన్నారు. రెండిళ్ళకు మధ్య ఒకటే గోడ. ఆ గోడకు అటూ ఇటూ రెండు పొయ్యిలు, రెంటికీ కలిపి ఒకటే పొగగొట్టం. పడమటి ముఖం వాకిళ్ళు. పట్నం నుంచి వచ్చిన పటాన్ని పంతులుగారు ఇసుకలో పుల్లతో గీసి చూపించాడు. అంతా చూసి, బట్టీ పెద్ద ఓబులేసు గడ్డం గోక్కున్నాడు.

"అయ్యా, ఉత్తరపు ఇంట్లో పొయ్యి ఆగ్నేయంలో పడింది, బాగుండాది. మరి దక్షిణపు ఇంట్లోనో?"

పంతులుగారు గీత వంక చూశాడు. దక్షిణపు ఇంట్లో పొయ్యి సరిగ్గా ఈశాన్యంలో పడింది.

"ఈశాన్యంలో పొయ్యా! ఇల్లు కట్టిందీ లేదు, అప్పుడే కొంపకు నిప్పు పెట్టుకోమంటావుండారే!" అని గోల లేచింది. పట్నంలో ఆ పటం గీసినవాడికి మూలల పట్టింపు ఉన్నట్టు లేదు. గుల్లదిబ్బకు ఉంది. ప్రతివాడికీ ఉత్తరపు ఇల్లే కావాలి. దక్షిణపు ఇళ్ళన్నీ ఎవరికి?

అప్పుడు మగ్దలీనమ్మ లేచి, పైట సర్దుకుని, "మా దేవుడికి అన్ని మూలలూ ఒకటే. నాకు దక్షిణపు ఇల్లే ఇయ్యండి" అంది.

ఆ ఒక్క మాటతో పేటలో ఉన్న పిడికెడు క్రైస్తవ కుటుంబాలకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. నిన్నటిదాకా పలకరించనివాళ్ళు కూడా ఉమ్మడి గోడకు రమ్మని బతిమాలటం మొదలుపెట్టారు. పెంచలమ్మ రొయ్యలు తెచ్చిచ్చింది. ఓబులేసు కట్టెల మోపు తెచ్చి దించి, "ఊరికే, మీ ఆయన చలికాచుకునేదానికి" అన్నాడు. మగ్దలీనమ్మ పుట్టి బుద్ధెరిగాక తనను ఎవరూ ఇంతగా బతిమాలింది లేదు. గాల్లో తేలిపోయింది. రొయ్యలు వండింది, కట్టెలు కాల్చింది, అందరికీ ఒకటే జవాబు చెప్పింది: "చూద్దాంలే."

చూద్దాం చూద్దాం అంటూ ఉండగానే తక్కినవాళ్ళు చూసుకున్నారు. ఓబులేసు ఎలిశబెతు కుటుంబంతో కుదుర్చుకున్నాడు. గూడూరు పోయిన క్రైస్తవులు కొందరు కబురు విని తిరిగొచ్చి జంటలు కట్టారు. అన్నదమ్ములున్న చోట చీట్లు వేసుకుని, దక్షిణం పడినవాడు పొయ్యి పంచలో పెట్టుకుంటానన్నాడు. పెంచలమ్మ కూడా అలాగే ఎవరితోనో సర్దుకుంది. జీవానందం గారు వచ్చి చెప్పేదాకా మగ్దలీనమ్మకు మెలకువ రాలేదు.

"ఇక మిగిలింది ఒక్క జంట అమ్మా. దక్షిణం నువ్వు, ఉత్తరం కామాక్షమ్మ."

కామాక్షమ్మ ఎవరినీ అడగలేదు. ఒకరిని అడిగే రకం కాదు ఆమె. అదే ఆమె పొగరు, అదే ఆమె అందం కూడా.

"దాని పక్కనా! దానికన్నా కాలవలో దూకతా."

"ఆదివారం లోపల ఇద్దరూ ఒప్పుకోకపోతే ఇద్దరి ఇళ్ళూ వచ్చే ఏటికి పోతాయి. నా చేతిలో లేదమ్మా" అని పంతులుగారు గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

మగ్దలీనమ్మ ఆ సాయంత్రం కనిపించిన ప్రతిదాన్నీ తిట్టింది. పంతుల్ని తిట్టింది, పటాన్ని తిట్టింది, రొయ్యల్ని తిట్టింది. యెహోషువ దగ్గు ఆగేదాకా ఆగి, మెల్లగా అన్నాడు.

"మే, ఒక మాట చెప్తా, కోప్పడొద్దు. వచ్చే ఏటికి నేనుంటానో లేదో. ఒక్క వానాకాలం పొడి నేల మీద పొణుకోవాలని ఉండాది. అంతే. నువ్వు వద్దంటే వద్దు."

పెళ్ళయిన నాటి నుంచీ ఆయన తనకంటూ ఒకటి కావాలని నోరు తెరిచి అడిగింది లేదు. మగ్దలీనమ్మ తిట్లు మానేసి, ఆయన మీద దుప్పటి సర్దింది.

మాటల్లేనివాళ్ళు మాట్లాడుకోక తప్పకపోతే ఆ వైపు ఒక పద్ధతుంది. ఎదురుగా ఉన్న దేన్నైనా పిలిచి, దానికి చెప్పాలి. అవతలివాళ్ళు వింటే వాళ్ళ ఇష్టం. ఎవరూ ఎవరితోనూ పలికినట్టు కాదు. మగ్దలీనమ్మ మర్నాడు పొద్దున్నే కామాక్షమ్మ గుడిసె ముందు నిలబడి, పందిరి గుంజను పిలిచింది.

"ఓ గుంజా, మా ఆయనకు ఒంట్లో బాగాలేదు. వానల్లోపల ఇల్లు రాకపోతే దక్కేటట్టు లేడు. ఉమ్మడి గోడకు నేను ఒప్పుకుంటావుండా. మీ వాళ్ళు ఏమంటారో నాకు తెలీదు."

కామాక్షమ్మ గుల్లలు చెరుగుతోంది. చెరుగుడు ఆగింది. తల ఎత్తకుండా చేటనే పిలిచింది.

"ఓ చేటా," అంది, "యెహోషువన్నకు బాగాలేదని మాకు ఎవురూ చెప్పలా. ఉత్తరపు ఇల్లు మాదైతే మాకు సమ్మతమే. పొయ్యి కాడ మాటొస్తే మాత్రం ఊరుకునేది లేదని చెప్పు."

మగ్దలీనమ్మ గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. పది అంగలు వేశాక గానీ కళ్ళు తుడుచుకోలేదు, అది చూస్తుందని.

అరవై ఒకటి ఎండలు ముదిరేనాటికి గుల్లదిబ్బలో పునాదులు తవ్వారు. తొలిరోజు ఎవరికీ గడ్డపార పట్టబుద్ధి కాలేదు. తవ్వితే ఎవరో వచ్చి అరుస్తారేమోనని వాకాడు దారి వైపు చూపులు. ఓబులేసు ముందు తవ్వి, ఎవరూ అరవకపోయేసరికి, తక్కినవాళ్ళు తవ్వారు. మూలలు నిలబెట్టటానికి సంఘం ఒక మేస్త్రిని పంపింది. తక్కిన వరసలు ఇంటివాళ్ళే పేర్చుకున్నారు. ఉమ్మడి గోడ ఇద్దరి పని గనక మగ్దలీనమ్మ దక్షిణం వైపు, కామాక్షమ్మ ఉత్తరం వైపు నిలబడి ఒకే వరస పేర్చాల్సి వచ్చింది. ఇక మాట్లాడటానికి గుంజలూ చేటలూ వెతుక్కునే పని తప్పింది. మధ్యలో గోడ ఉంది.

"ఓ గోడా, ఆ చివర ఇటుక వంకరగా పడిందని చెప్పు."

"ఓ గోడా, వంకర ఇటకలో లేదు, చూసేవాళ్ళ కంట్లో ఉండాదని చెప్పు."

"ఓ గోడా, సున్నం కాల్చేవాళ్ళే సున్నానికి పీనాసితనం చేస్తే ఎట్లాగా?"

మేస్త్రి నవ్వాపుకోలేక తాపీ కింద పడేసేవాడు. గోడ మోకాలి దాకా వచ్చింది, నడుం దాకా వచ్చింది. రొమ్ము దాకా వచ్చినప్పుడు ఇద్దరి ముఖాలూ ఎదురెదురుగా పడ్డాయి. ఇన్నేళ్ళుగా పక్క పక్కనే ఉండి ఓరగా చూసుకున్నవాళ్ళే గానీ తేరిపార చూసుకున్నది లేదు. కామాక్షమ్మ చెంపల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. అది సున్నమేమో అనుకుంది మగ్దలీనమ్మ ముందు. సున్నం కాదు. దీనికి కూడా వయసొచ్చిందే అనుకుని, ఎందుకో కాసేపు వంకరలు వెతకటం మానేసింది.

తలలు దాటి గోడ పైకి లేచాక ఒకరికొకరు కనపడటం పోయింది. పరంజా మీద నిలబడి అటొకరు, ఇటొకరు గోడకు సున్నం పూసి గిలాబా చేస్తున్నారు. అవతల తాపీ చప్పుడు ఆగింది.

"ఓ గోడా," అంది కామాక్షమ్మ గొంతు, తగ్గిన స్వరంతో, "అన్నకు దగ్గు నెమ్మదించిందా?"

మగ్దలీనమ్మను ఎవరూ అడగని మాట అది. అడిగితే ఏడుస్తుందని తెలిసి అందరూ తప్పుకుపోయిన మాట.

"లేదు గోడా," అంది. "నెమ్మదించలా."

అవతల మళ్ళీ తాపీ చప్పుడు మొదలైంది, అంతకుముందుకన్నా వడిగా. ఆ రోజు నుంచీ కామాక్షమ్మ తన వైపు పని ముగిశాక కూడా దిగేది కాదు. వానల్లోపల పైకప్పు పడాలని, ఇద్దరి పెంకులూ తనే అందించేది. మస్తానయ్య మద్రాసు నుంచి తిరిగొచ్చి భార్యను పరంజా మీద చూసి, పైకప్పుకు పడవలోంచి వెదురు బొంగులు దించాడు.

దసరా వెళ్ళాక ఇళ్ళలో చేరారు. కామాక్షమ్మ ఆగ్నేయంలో పాలు పొంగించింది. మగ్దలీనమ్మ ఇంట్లో పాస్టరుగారు ప్రార్థన చేశారు. యెహోషువ లోపలికి వచ్చి, గోడకు చెవి ఆనించి, ఎందుకో తట్టి చూసి, చిన్నపిల్లవాడిలా నవ్వాడు. రెండు వరసల ఇళ్ళు, వరసల మధ్య మురుగు కాలువ, ప్రతి వాకిట్లో ఒక కొబ్బరి మొక్క. చెట్టు నాటొద్దన్న ఊళ్ళో అందరూ ఒకేసారి నాటేసరికి మొక్కలు దొరక్క కొడవలూరు నుంచి తెప్పించాల్సి వచ్చింది. సారా బట్టీలు ఎవరూ తరమకుండానే పోయాయి, చాటు లేని చోట వాటికేం పని. ఇళ్ళకు నంబర్లు వేశారు గనక పోస్టుమాను వచ్చాడు. ప్రేమలీల చంటిబిడ్డతో వస్తానని కబురు పంపింది. పడవలో పోయేవాళ్ళు ఆ మలుపు దగ్గర ఇప్పుడు తలలు బయటికి పెట్టి చూసేవాళ్ళు.

ఇన్ని మారినా ఆ ఇద్దరి మధ్యా మాటలు మాత్రం గోడ ద్వారానే నడిచాయి. పలకాలని ఇద్దరికీ ఉంది. ముందు పలకాలని మాత్రం ఎవరికీ లేదు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం సముద్రం వైపు ఆకాశం నల్లబడింది. గాలి లేచింది. మగ్దలీనమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. తొలి చినుకులు పెంకుల మీద టపటపమన్నాయి. అంతే, ఆమె చేతులు వాటంతటవే కదిలాయి. బియ్యం కుండ గంపలో పెట్టింది. దుప్పట్లు చుట్టింది. బైబిలును గుడ్డలో చుట్టి పైన పెట్టింది. ఏటేటా కార్తీకం వానకు గుల్లదిబ్బ మొత్తం గంపలు నెత్తిన పెట్టుకుని ఉప్పు నిలవచేసే కొటారు వసారాకు పరిగెత్తేది. పుట్టిన నాటి నుంచీ చేసిన పని, ఆలోచించి చేసేది కాదు. ఈసారి కూడా గంప నెత్తికెత్తుకుని పంచలోకి వచ్చేసింది, ఆయన్ను లేపటానికి మళ్ళీ వద్దామని.

పక్క పంచలో కామాక్షమ్మ. నెత్తిన గంప, గంప మీద గోనెపట్టా, చంకలో కోడి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"యాడికి మే?" అంది కామాక్షమ్మ.

"నువ్వు యాడికో!"

"కొటారుకి."

"ఎందుకు?"

కామాక్షమ్మ వెనక్కి తిరిగి తన ఇంటి వంక చూసింది. లోపల చుక్క నీళ్ళు లేవు. మగ్దలీనమ్మ వరస వెంబడి చూసింది. ప్రతి పంచలోనూ ఎవరో ఒకరు నెత్తిన మూటతో నిలబడి ఉన్నారు. ఓబులేసు చాప చుట్టుకుని సగం వాకిట్లోకి దిగి, ఎక్కడికి పోతున్నాడో తోచక వానలో తడుస్తున్నాడు. ముందు కోడి అరిచింది. తరవాత కామాక్షమ్మ నవ్వటం మొదలుపెట్టింది. ఆ నవ్వు పంచ నుంచి పంచకు పాకి, రెండు వరసలూ మూటలు దించుకుని కడుపులు పట్టుకున్నాయి.

ఎవరు ముందు పలికారన్న తగువు ఆ తరవాత ఏళ్ళ తరబడి నడిచింది. కోడిని ఉద్దేశించి అన్నాననేది కామాక్షమ్మ. అరవై ఎనిమిదిలో కన్నుమూసేదాకా యెహోషువ ఎవరి పక్షానా సాక్ష్యం చెప్పలేదు, నిద్రపోతున్నాననేవాడు.

అవి తరవాతి మాటలు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ అలా నవ్వుతుండగా, లోపలి నుంచి నిద్ర గొంతు వినిపించింది.

"మే, ఆ తలుపెయ్యి. జల్లు కొడతావుంది."

మగ్దలీనమ్మ నవ్వు ఆగిపోయింది. తలుపెయ్యమని ఆయన ఇదివరకెన్నడూ అనలేదు. అనటానికి వాళ్ళకు తలుపు ఎక్కడిది? గంప పట్టుకుని లోపలికి వచ్చింది. యెహోషువ మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు. ఆమె వంగి చాప కింద చెయ్యి పెట్టి చూసింది. నేల పొడిగా ఉంది. గోరువెచ్చగా కూడా ఉంది, ఆయన ఒంటి వేడికి. అప్పుడు లేచి, తన ఇంటి తలుపు తనే లోపలి నుంచి వేసుకుని, గడియ పెట్టి, ఆ గడియ మీదే చెయ్యి ఉంచి, ఆయనకు వినపడకుండా కడుపునిండా ఏడ్చింది.